మంత్రదండమును చేతికఱ్ఱయు

వేదపాఠములు: ద్వితీయోపదేశకాండము 18:9–14, 2 రాజులు 4:29–37, అపొస్తలుల కార్యములు 8:9–24, 19:11–20.



మన గ్రామములలోని పిల్లలు బడిపుస్తకములను మాత్రమే ఎరిగియుండిన కాలము గతించినది. పట్టణమున హాస్టలులో చదువుకొను బిడ్డ సెలవులకు ఇంటికి వచ్చునప్పుడు సంచిలో కథల పుస్తకము తెచ్చును. లేనియెడల సెల్‌ఫోనులో సినిమా చూచును. అట్టి కథలలో లోకమంతట పేరు పొందినది హేరీ పోటర్ అను బాలమాంత్రికుని కథ. “అయ్యగారూ, ఇందులో మంత్రములున్నవి, మంత్రదండములున్నవి. మా పిల్లలు దీనిని చదువవచ్చునా?” అని తలిదండ్రులు అడుగుట కలదు. ఒక్కమాటలో జవాబు చెప్పుట సులభమే. అయితే ఆ ప్రశ్న వెనుక మరియొక ప్రశ్న దాగియున్నది. మంత్రమనగా నేమి? దానిలోని పాపము ఎక్కడ నున్నది? ఇది ఎరుగక ఇచ్చు జవాబు అవునన్నను కాదన్నను పిల్లవానికి ఉపకరింపదు. సంగతి వినకముందే ప్రత్యుత్తరమిచ్చువానిని సామెతల గ్రంథము (18:13) మెచ్చుకొనదు. కావున ఈ నెల పాఠమున మొదట ఆ కథలో నేమున్నదో న్యాయముగా తెలిసికొందము. తరువాత వాక్యపు వెలుగులో దానిని, దానితోకూడ మనలను పరీక్షించుకొందము.

1. కథయు దాని పుట్టుకయు

ఈ కథను వ్రాసినది జె. కె. రౌలింగ్ అను బ్రిటిషు రచయిత్రి. 1990లో మాంచెస్టరునుండి లండనుకు పోవు రైలులో ఆమెకు ఈ తలంపు పుట్టెను. ఆ సంవత్సరము చివరనే ఆమె తల్లి దీర్ఘవ్యాధిచేత మరణించెను. మరణమును గూర్చిన దుఃఖము ఈ కథయంతట ప్రవహించుటకు అదియొక కారణము. మొదటి పుస్తకము 1997 జూన్ 26న లండనులో వెలువడెను. ఏడవది, కడపటిది, 2007 జూలై 21న వెలువడెను. ఎనుబదికి పైగా భాషలలో అరువది కోట్లకు మించిన ప్రతులు అమ్ముడైనవి. మొదటి పుస్తకము తెలుగులోనికిని వచ్చినది. 2001 మొదలు 2011 వరకు ఎనిమిది సినిమాలుగా తీయబడినది.

ఈ పుస్తకములు గొప్ప వివాదమును కూడ పుట్టించెను. 2000 మొదలు 2009 వరకు అమెరికా దేశములో గ్రంథాలయములనుండియు బడులనుండియు తీసివేయుమని అందరికంటె ఎక్కువగా ఆక్షేపింపబడిన పుస్తకములు ఇవే అని అక్కడి గ్రంథాలయ సంఘము ప్రకటించినది. ఆక్షేపించినవారిలో అనేకులు మనవంటి క్రైస్తవులే.

కథ యిది. వోల్డెమార్ట్ అను క్రూర మాంత్రికుడు హేరీ తలిదండ్రులను చంపి, ఏడాది దాటిన ఆ పసివానిని కూడ చంపబోయెను. బిడ్డకు నొసట మచ్చ మాత్రము మిగిలెను, చంపవచ్చినవాడే కూలిపోయెను. పినతల్లివంటి పెద్దమ్మ యింట నిరాదరణలో పెరిగిన ఆ బాలుడు పదునొకండవ యేట హాగ్వార్ట్స్ అను మాంత్రికుల బడిలో చేరును. అక్కడి చదువు ఏడేండ్లు. ఆ యేండ్లలో శత్రువు మరల లేచుట, కడపట నశించుట ఈ ఏడు పుస్తకముల వృత్తాంతము.

2. దండమునకు గల శక్తి యెంత?

ఆ కథలో ప్రతి మాంత్రికునికిని ఒక దండముండును. అది చెట్టుకొయ్యతో చేయబడి, లోపల ఒక విచిత్ర జంతువునకు సంబంధించినదేదో ఉంచబడును: ఒంటికొమ్ము గుఱ్ఱపు తోకవెండ్రుక, డ్రాగను గుండెనరము, లేక ఫీనిక్సు పక్షి యీక. హేరీ దండము పదునొకండు అంగుళములది. అతని శత్రువు దండము పదుమూడున్నర అంగుళములది. ఆశ్చర్యమేమనగా, ఈ రెండింటిలోని యీకలును ఒకే పక్షివి. ఒకే మూలమునుండి వచ్చిన శక్తిని ఒకడు చంపుటకు వాడెను, మరియొకడు కాపాడుటకు వాడెను. రచయిత్రి మనకు చూపగోరిన భేదము కఱ్ఱలో లేదు, పట్టిన చేతిలో నున్నది.

ఎల్డరు దండమను మరియొకటి కలదు. అన్నిటికంటె బలమైనదని పేరు. దానికొరకు ఒకనినొకడు చంపుకొనుచు వచ్చిరి. యెవడును దానిని చిరకాలము అనుభవింపలేదు. కడపట అది హేరీకి దక్కగా, అతడు విరిగిన తన పాత దండమును దానితో బాగుచేసికొని, ఆ గొప్ప దండమును తిరిగి సమాధిలో ఉంచివేయుటకు నిశ్చయించుకొనెను. సినిమాలో దానిని విరిచి పారవేసినట్లు చూపిరి. ఎట్లయినను, చేతికి వచ్చిన అధికారమును వదలుకొనినవాడే జయించినవాడని కథ చెప్పుచున్నది.

మన వేదములోను కఱ్ఱలున్నవి. మోషే కఱ్ఱ యున్నది, అహరోను కఱ్ఱ యున్నది. అవి మంత్రదండములా? దీనికి జవాబు 2 రాజులు 4వ అధ్యాయములో స్పష్టముగా నున్నది. షూనేమీయురాలి కుమారుడు చనిపోగా ఎలీషా ప్రవక్త తన దండమును గేహజీకిచ్చి, బాలుని ముఖముమీద పెట్టుమని ముందుగా పంపెను. గేహజీ అట్లే చేసెను. ఏమి జరిగెను? ఏమియు జరుగలేదు. శబ్దము లేదు, చలనము లేదు. తరువాత ఎలీషా తానే వచ్చి, తలుపు వేసి, యెహోవాకు ప్రార్థనచేసి, ఆ చల్లని దేహముమీద తన దేహమును చాచినప్పుడు బాలుడు బ్రదికెను. ప్రవక్తదైనను కఱ్ఱ కఱ్ఱయే. మంత్రవిద్యలో వస్తువు పని చేయును. విశ్వాసములో దేవుడు పని చేయును. ఈ తేడాను మన పిల్లలకు నేర్పవలెను.

3. మంత్రములును క్షమింపరాని శాపములును

హాగ్వార్ట్స్‌లో నేర్పు మంత్రములు చాలవరకు లాటిను భాషను పోలిన మాటలు. ఒకటి దీపమువలె వెలుగునిచ్చును, ఒకటి తాళము తీయును, ఒకటి ఈకను గాలిలోనికి లేపును. పిల్లలు నవ్వుకొనుచు చదువునవి ఇవే. గమనింపదగినదేమనగా, ఈ మంత్రములలో ఏ దేవతకును మ్రొక్కు లేదు, ఏ ఆత్మను పిలుచుట లేదు. ఆ లోకములో అది పుట్టుకతో వచ్చు ఒక సామర్థ్యము, బడిలో నేర్చుకొను విద్య. దానికి హద్దులును గలవు: చచ్చినవానిని బ్రదికించు మంత్రము లేదు, శూన్యమునుండి అన్నము పుట్టించు మంత్రము లేదు.

అయితే 2000లో వెలువడిన నాలుగవ పుస్తకమున మూడు శాపములను గూర్చి చెప్పబడినది. వీటిని క్షమింపరాని శాపములందురు. ఒకటి, ఎదుటివాని చిత్తమును లోబరచుకొని ఆడించునది. రెండవది, దెబ్బ కనబడకుండ ఘోరముగ హింసించునది. మూడవది, ఒక్క మాటతో చంపునది. మనుష్యునిమీద వీటిలో దేనిని వాడినను యావజ్జీవ కారాగారమే శిక్ష.

ప్రియులారా, ఈ మూడును కథలోనివే గాని, వాటి పాపము కథలోనిది కాదు. తోటివాని చిత్తమును లోబరచుకొనుట, అతని బాధను చూచి తృప్తిపడుట, అతని ప్రాణమును తృణముగా నెంచుట: దండము లేకుండనే మనుష్యులు వీటిని చేయుదురు. భార్యను నోరెత్తనీయని భర్తయు, పాలేరును అప్పుతో కట్టివేసిన ఆసామియు మొదటి శాపమును ఎరిగినవారే.

ఇక్కడ తలిదండ్రులు ఒక సంగతి తప్పక ఎరిగియుండవలెను. కథానాయకుడైన హేరీయే ఏడవ పుస్తకములో ఈ మూడింటిలో రెండింటిని వాడెను. అతనికి శిక్ష లేదు, గద్దింపును లేదు. మంచివాడు మంచి పనికొరకు చేసిన కీడు కీడు కాదను తలంపు అక్కడ పిల్లవాని మనస్సులో దూరవచ్చును. మంచి కలుగుటకై కీడు చేయరాదని పౌలు రోమీయులకు (3:8) వ్రాసినది అట్టి చోటనే కూర్చుండబెట్టి చెప్పవలెను. అయినను కడపటి పోరాటములో శత్రువు చంపు శాపమును పలుకగా, హేరీ పలికినది ఎదుటివాని ఆయుధమును ఊడదీయు మంత్రము మాత్రమే. శత్రువు తన శాపమే తనకు తగిలి చచ్చెను.

4. ప్రాణమును ముక్కలు చేసికొనినవాడు

ఆ కథలో అన్నిటికంటె చీకటిగల విద్య హార్‌క్రక్స్ అనునది. 2005లో వెలువడిన ఆరవ పుస్తకములో దీని వివరమున్నది. చావునకు భయపడిన వోల్డెమార్ట్ తన ఆత్మను ముక్కలుగా చీల్చి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క వస్తువులో దాచెను. ఆత్మ యెట్లు చీలును? నరహత్యచేత. పరుని చంపినప్పుడెల్ల చంపినవాని ఆత్మ చినుగును. ఉంగరములో, పతకములో, గిన్నెలో తన ప్రాణమును దాచుకొని, ఆ మనుష్యుడు కడపట మనుష్యరూపమునే పోగొట్టుకొనెను.

చినిగిన ఆ ఆత్మ మరల అతుకుటకు ఒక్క మార్గమే గలదు. అది నిజమైన పశ్చాత్తాపము, మిక్కిలి బాధకరమైనది. కడపటి గడియలో హేరీ తన తలిదండ్రులను చంపినవానితో పశ్చాత్తాపపడుమని చెప్పెను. వాడు వినలేదు. పాపము ఎదుటివానికంటె ముందు చేసినవానినే చీల్చునని, తిరుగు ద్వారము చివరివరకు తెరచియుండునని చిన్నపిల్లలకు ఇంత స్పష్టముగా చెప్పిన కథలు తరచుగా దొరకవు.

5. తల్లి ప్రేమయు సమాధులమీది మాటలును

ఏడాది దాటిన బిడ్డ చావు మంత్రమును ఎట్లు తప్పించుకొనెను? తల్లి తొలగిపోయినయెడల తాను బ్రదుకగలిగియుండియు, బిడ్డకు అడ్డముగా నిలిచి ప్రాణమిచ్చెను. ఆ ప్రేమయే బిడ్డకు కాపుదలయై మిగిలెను. శత్రువునకు తెలియని, అతడు లక్ష్యపెట్టని శక్తి అదియొక్కటే. చివర హేరీయు ఇతరుల నిమిత్తము ఎదిరింపక చావునకు తన్నుతాను అప్పగించుకొనెను.

ఏడవ పుస్తకములో హేరీ తన తలిదండ్రుల సమాధిని చూడబోవును. అక్కడి రెండు సమాధులమీద రెండు వాక్యములు చెక్కబడియున్నవి. ఒకటి ధనమును హృదయమును గూర్చి ప్రభువు కొండమీద చెప్పినది (మత్తయి 6:21). రెండవది మరణమను శత్రువు సహితము చివరకు నిర్మూలమగునని పౌలు కొరింథు సంఘమునకు బోధించినది (1 కొరింథీ 15:26). అవి వేదవాక్యములని పుస్తకములో చెప్పబడలేదు. 2007లో రచయిత్రి ఈ మత సంబంధమైన పోలికలు తనకు మొదటినుండియు స్పష్టముగానే యుండెనని పత్రికలవారితో చెప్పెను. మరణము తరువాతి జీవమును గూర్చి తన విశ్వాసములో పెనుగులాట కలదనియు ఒప్పుకొనెను. కావున దీనిని సువార్త గ్రంథమని పొగడనక్కరలేదు. సాతాను గ్రంథమని దూషించుటయు న్యాయము కాదు. తల్లి ప్రేమ ఒక బిడ్డను కాపాడెను. ఒక్కని సిలువ సర్వలోకమునకు చాలినది. చదువరియైన పిల్లవానిని మొదటిదానినుండి రెండవదానికి నడిపించుట మన పని.

6. వాక్యము దేనిని నిషేధించుచున్నది?

ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయము సోదెను, శకునములను, చిల్లంగితనమును, చచ్చినవారియొద్ద విచారణచేయుటను ఖండితముగా నిషేధించుచున్నది. ఎందుకు? తరువాతి వచనములను చదువుడి. దేవుడు తన ప్రజలకు ఒక ప్రవక్తను లేపుదునని, ఆయన మాట వినవలెనని అక్కడ వాగ్దానమున్నది. అనగా దేవుని మాట వినవలసిన చెవిని వేరొకచోట పెట్టుటయే మంత్రవిద్యలోని మూలపాపము. సౌలు ఏన్దోరులోని స్త్రీయొద్దకు పోయినది (1 సమూయేలు 28) దేవుని మాటకు లోబడనొల్లక, దేవుని జవాబు మాత్రము కోరినందుననే. హేరీ కథలో చచ్చినవారిని కనబరచు రాయి యొకటి కలదు. దానిని పొందిన పూర్వకథలోని వాడు శోకముతో ప్రాణము తీసికొనెను. ఈ భాగము చదువునప్పుడు బిడ్డలకు సౌలు కథను చూపుట మేలు.

సమరయలోని సీమోను పాపమేమి? దేవుని వరమును ద్రవ్యమిచ్చి కొనదలచెను. స్కెవ కుమారులు ఏడుగురి పాపమేమి? యేసునందు విశ్వాసము లేకుండ ఆయన నామమును మంత్రమువలె ఉచ్చరించిరి. గాయపడి, బట్టలు లేక పారిపోయిరి. ఎఫెసులో పుస్తకములు కాల్చబడినవి నిజమే. వాటి వెల యేబదివేల వెండి రూకలు. అయితే ఎవరి పుస్తకములు? ఆ విద్యను తామే అభ్యసించినవారు తమవాటిని తామే తెచ్చి కాల్చిరి. పక్కింటి పిల్లవాని పుస్తకమును లాగికొని కాల్చినట్లు అక్కడ లేదు.

కావున ప్రియులారా, హేరీ దండమును చూచి భయపడు మనము మన యింటిని చూచుకొందము. బిడ్డ మొలకు కట్టిన తాయెత్తును తీసి, దాని స్థానమున చిన్న సిలువను కట్టి, భావము మాత్రము మార్చుకొనమా? తెరచి చదువని బైబిలును దిష్టి తగులకుండ తలగడ క్రింద పెట్టమా? ప్రార్థించిన నూనె సీసాకు వెల కట్టువానియొద్దకు పరుగెత్తమా? హిజ్కియా రాజు మోషే చేసిన ఇత్తడి సర్పమునే పగులగొట్టెను (2 రాజులు 18:4), జనులు దానికి ధూపము వేయుచుండిరి గనుక. పరిశుద్ధమైన వస్తువు సహితము మంత్రదండము కాగలదు.

7. భయము చేయు హత్య

కథలోని మంత్రమువలన ఇంతవరకు ఎవరును చావలేదు. మంత్రభయమువలన మాత్రము అనేకులు చచ్చిరి. 1692లో అమెరికాలోని సేలెం అను గ్రామమున బోధకుని యింటి ఆడపిల్లలకు వింతవ్యాధి పుట్టగా, చేతబడియని జనులు తలంచిరి. వందకు పైగా జనులు చెరలో వేయబడిరి. పందొమ్మిదిమందిని ఉరితీసిరి, ఒక వృద్ధుని బండలక్రింద అణచి చంపిరి. ఉరితీయబడినవారిలో డెబ్బదియొక్క యేండ్ల రెబెక్కా నర్స్ అను భక్తురాలైన సంఘస్థురాలు కలదు. నేరము మోపినవారును, తీర్పు తీర్చినవారును బైబిలు చేతపట్టిన మనుష్యులే. 1697లో ఆ ప్రాంతమంతట ఉపవాసదినము ఆచరింపగా, న్యాయాధిపతులలో ఒకడైన శామ్యూల్ స్యూయల్ ఆలయములో లేచి నిలిచి, తన అపరాధమును ఒప్పుకొను పత్రమును అందరియెదుట చదివించెను. అయితే చచ్చినవారు తిరిగి రాలేదు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. మన తెలుగు పల్లెలలో చేతబడి, బాణామతి అను మాటలు పుట్టినచోట ఎవరు దెబ్బలు తినుచున్నారు? ఒంటరి ముసలమ్మ, దిక్కులేని విధవరాలు, పొలము తగాదాలోనున్న బీదవాడు. బఱ్ఱె పాలివ్వకున్నను, బిడ్డకు ఫిట్సు వచ్చినను ఒకరిమీద వ్రేలు చూపుదురు. ఫిట్సు మూర్ఛరోగము, దానికి మందులున్నవి, ఆసుపత్రి యున్నది. ప్రార్థనచేయుడి, ఆలస్యముచేయక వైద్యునియొద్దకు తీసికొనిపోవుడి. మీ వీధిలో ఎవరినైనను మంత్రగత్తెయని నిందించుచున్నయెడల, సంఘము ఆమె గుమ్మమున నిలువవలెను. పెద్దలు పోలీసువారికి తెలియజేయవలెను. క్రీస్తును నమ్మితిమని చెప్పి పొరుగువాని చేతబడికి వణకువాడు తన ప్రభువును ఆ పొరుగువానికంటె బలహీనునిగా ఎంచుచున్నాడు.

8. తలిదండ్రులకు

చదువవచ్చునా అను ప్రశ్నకు మా ఆలోచన యిది. కల్పనకును నిజమునకును భేదము తెలియని చిన్నబిడ్డల చేతికి ఇవ్వవద్దు; కడపటి పుస్తకములలో చావులు, హింస ఎక్కువ. తెలివి వచ్చిన పిల్లవాడు చదువుచున్నయెడల, లాగికొనక, వానితో కూర్చుండి కథ చెప్పించుకొనుడి. దొంగచాటుగా చదివినదానికి గురువుండడు. మనస్సాక్షి ఒప్పుకొననివారు తమ యింటిలో వద్దనుకొనిన, వారిని ఎవరును ఎగతాళిచేయరాదు. అనుమతించినవారికి ఎవరును తీర్పు తీర్చరాదు. రోమా 14వ అధ్యాయము ఇట్టి సంగతులకే వ్రాయబడినది.

ఒక్కటి మాత్రము అందరికిని చెప్పుచున్నాము. మీ బిడ్డ చేతిలో ఏ కథ యున్నను, మీ నోట వేదకథ వినకుండ వాడు నిద్రపోకూడదు.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. ఎలీషా దండము బాలుని ముఖముమీద పనిచేయకపోవుటవలన మనము నేర్చుకొనునది ఏమి?
2. ప్రార్థనకును మంత్రమునకును గల భేదమును మీ మాటలలో పిల్లలకు ఎట్లు చెప్పుదురు?
3. మన యిండ్లలో తాయెత్తువలె వాడబడుచున్న పరిశుద్ధ వస్తువు ఏదైనను కలదా?
4. మన గ్రామములో చేతబడి నింద మోయుచున్నవారెవరు? ఈ వారము వారి యింటికి మన సంఘమునుండి ఎవరు పోవుదురు?